ఒక కాలికి రోడ్డు, ఒక కాలికి కొండబాట

మా సద్దిగుట్టలో పరుగు నేర్పే కేంద్రం ఒకటుంది. ఎండు గడ్డి మైదానం, రేకుల షెడ్డు, దానికి శిక్షకుణ్ణి నేను. పేరు చెంగల్రాయుడు. కాంట్రాక్టు ఉద్యోగం. అంటే పని పర్మినెంటు, ఉద్యోగం కాదు.

పదేళ్ళుగా నేను పిల్లలకు ఒకటే మాట చెప్పుకొస్తున్నాను. వారంలో కొన్నాళ్ళు రోడ్డు మీద పరిగెత్తండి, వేగం వస్తుంది. కొన్నాళ్ళు గుట్ట మీద రాళ్ళబాటలో పరిగెత్తండి, చీలమండలకు బలం వస్తుంది. ఒకదాన్నే పట్టుకుని వేలాడితే రెండోది పోతుంది. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. మూడు పూటలా ఇడ్లీ తినేవాడికి ఒక పూట సంగటి పెట్టడం లాంటిదే. కానీ నేను చెప్పినంతకాలం అది సొద. అదే మాట పై కార్యాలయం చెప్పేసరికి విధానం.

పై కార్యాలయంలోని ఒక ఉన్నతాధికారి అధ్యయనం నిమిత్తం ఏదో చలిదేశం వెళ్ళారట. అక్కడి జనం కొండల్లో పరిగెత్తడం కారు అద్దంలోంచి కళ్ళారా చూశారట. తిరిగొచ్చాక ఆయనకు జలుబు తగ్గలేదు, ఉత్సాహమూ తగ్గలేదు. ఆ రెండింటి ఫలితంగా 'సమీకృత మిశ్రమ ఉపరితల పరుగు విధానం' అని దిండంత ఉత్తర్వు ఒకటి వెలువడింది. సారాంశం ఏమిటంటే, రాష్ట్రంలోని ప్రతి పరుగు క్రీడాకారుడూ సరిగ్గా సగం రోడ్డు మీద, సరిగ్గా సగం కొండబాట మీద పరిగెత్తాలి. ఎక్కువైనా నేరమే, తక్కువైనా నేరమే. ఆ ఏడు జరిగే జిల్లా పోటీ కూడా సగం సగం దారిలోనే. గెలిచిన అమ్మాయికి, గెలిచిన అబ్బాయికి రాష్ట్ర శిక్షణ శిబిరంలో చెరొక సీటు.

అమాయకుణ్ణి, చదివి సంతోషపడ్డాను. పరిగెత్తుకుంటూ వెళ్ళి మునిలక్ష్మికి చెప్పాను.

మునిలక్ష్మి మా కేంద్రంలో అందరికన్నా వేగంగా పరిగెత్తే పిల్ల. నోరు కూడా అంతే వేగం. ఆ ఏడు ఆఖరుకు దానికి ఇరవై నిండుతాయి, ఇరవై నిండితే శిబిరంలోకి రానివ్వరు. ఇదే ఆఖరి పోటీ. వాళ్ళ మేనత్త బజారులో సెల్‌ఫోన్ల అంగడి నడుపుతోంది. "ఈసారి సీటు వస్తే పరిగెత్తుకో. రాకపోతే అంగట్లో కూచో" అని ఆమె, "సరే" అని ఈ పిల్ల ఒప్పందం చేసుకున్నారు. మునిలక్ష్మి మాటంటే మాటే, అదే నా భయం.

"సగం గుట్ట మీదనా సార్?" అంది మునిలక్ష్మి, కళ్ళు పెద్దవి చేసి. "అయితే సీటు నాదే. గుట్టెక్కేదాంట్లో నన్ను దాటేది ఎవురు?"

ఆ పిల్ల లెక్కలో తప్పు లేదు. రోడ్డు అంటే రోడ్డు, గుట్ట అంటే గుట్ట అనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను.

ఉత్తర్వు ప్రకారం ప్రతి జిల్లాలో ఉపరితల నిర్ధారణ కమిటీ ఒకటి కూర్చోవాలి. మా కమిటీ జిల్లా క్రీడాధికారి దామోదరం గారి గదిలో కూర్చుంది. దామోదరం గారు సన్నగా, శుభ్రంగా ఉంటారు. ఆయన జీవితంలో పరిగెత్తింది ఒక్కసారేనని, అది బదిలీ ఆపించుకోవడానికని చెప్పుకుంటారు. ఆయనకు కుడివైపు రోడ్ల శాఖ ఇంజనీరు, ఎడమవైపు అటవీశాఖ రేంజరు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

"ప్రస్తుత సమావేశ లక్ష్యం, రోడ్డు అనగానేమి, కొండబాట అనగానేమి అన్నది నిర్ధారించుట" అన్నారు దామోదరం గారు.

ఇక్కడ మా ఊరి దారుల గురించి ఒక మాట చెప్పాలి. పరుగుకు వీలైనవి మాకు రెండే. ఒకటి బైపాసు. దాని మీద తారు ఉండేదని మా పెద్దవాళ్ళు చెబుతారు. మూడు వానలకు అది లేచిపోయి, కింది కంకర పైకి వచ్చి, పైన ఉండాల్సిన లారీలు కిందికి పోయి, గుంతల్లో తుంగ మొలిచి, కప్పలు కాపురాలు పెట్టాయి. రెండోది గుట్టమీది బాట. పోయినేడు ప్రకృతి పర్యాటకం పేరుతో అటవీశాఖ దానికి అడుగునుంచి కొసదాకా సిమెంటు పోసి, టైల్సు పరిచి, స్టీలు కమ్మీలు పెట్టింది. మా ఊళ్ళో మనిషి పడకుండా నడవగలిగే చోటు అదొక్కటే.

"సార్, చిన్న మనవి" అన్నాను. "మన బైపాసు నిజానికి కొండబాట. గుట్టమీదిది నిజానికి రోడ్డు. పేర్లు అటూ ఇటూ చేసుకుంటే పిల్లలకు మంచిది."

ఇంజనీరు గారి ముఖం జేవురించింది. "ఏందయ్యా, మా రోడ్డును కొండబాట అంటావా? నా సర్వీసులో ఇట్లాంటి మాట పడలేదు. అది మా రిజిస్టర్లో రోడ్డు. రిజిస్టర్లో ఉన్నంతకాలం రోడ్డే."

"సార్, దాంట్లో కప్పలు..."

"కప్పలు మా శాఖ పరిధిలోకి రావు."

రేంజరు గారు ఇంకా నొచ్చుకున్నారు. "అడవి హద్దులో ఉండేదంతా సహజసిద్ధమే. సిమెంటుకు కూడా మట్టిరంగు కలిపే పోయించినాం. ఇంతకన్నా సహజంగా ఎట్ల చేసేది?"

దామోదరం గారు ఇద్దరికీ బిస్కెట్లు తెప్పించి తీర్పు చెప్పారు. "ఉపరితలమును పాదముతో కాక పత్రముతో గుర్తింపవలెను. ఏ దారి ఏ శాఖదో అదే దాని స్వభావము. బైపాసు రోడ్డు, గుట్టది కొండబాట. చెంగల్రాయుడూ, నీవు పరుగు సంగతి చూసుకో, నేల సంగతి మేము చూసుకుంటాము."

వారం తిరక్కుండా పిల్లలకు తలా రెండు జతల బూట్లు వచ్చాయి. రోడ్డు బూట్లకు అడుగు నున్నగా ఉంటుంది. కొండ బూట్లకు అడుగున పళ్ళుంటాయి. నిజంగా మంచి బూట్లు, ఆ మాట ఒప్పుకోవాలి. వాటితోబాటు నియమం కూడా వచ్చింది. రోడ్డు మీద రోడ్డు బూట్లే, కొండబాట మీద కొండ బూట్లే. అది చూడ్డానికి ఉపరితల పర్యవేక్షకుడు అని ఒకాయన వచ్చి, దారి పక్కన కుర్చీ వేసుకుని, పిల్లల కాళ్ళు ఎత్తించి అడుగులు చూసేవాడు. గుర్రాల సంతలో గిట్టలు చూసినట్టే.

ఇక చూడండి. నున్నటి బూట్లతో బైపాసు కంకర మీదికి పోయినవాడు పోయినట్టే జారాడు. పళ్ళబూట్లతో టైల్సు మీద పరిగెత్తినవాడు ఏనుగుగుండు అనే బండ దగ్గరి మలుపులో సర్రున పోయి స్టీలు కమ్మీని కావిలించుకున్నాడు. పక్షం రోజులకు మా రేకుల షెడ్డు ప్రమాదాల వార్డులాగా తయారైంది. ఎవరి కాలికి చూసినా కట్టే. సున్నం, పసుపు, కోడిగుడ్డు సొన వాసనతో నాకు తలనొప్పి పట్టుకుంది.

మునిలక్ష్మి మాత్రం పడలేదు. ఎందుకంటే ఆ పిల్ల పర్యవేక్షకుడి కుర్చీ దాటగానే సంచిలోంచి రెండో జత తీసి మార్చుకునేది. నేను చూశాను, చూడనట్టు తల తిప్పుకున్నాను. అలా కొన్నాళ్ళు బాగానే గడిచింది. ఒకనాడు పర్యవేక్షకుడు కాఫీకి పోయి వస్తూ ఎదురుపడ్డాడు. ఇంకేముంది, దామోదరం గారి గదికి పిలుపొచ్చింది.

"రోడ్డు మీద కొండ బూట్లు ధరించుట ఉపరితల క్రమశిక్షణారాహిత్యము. దీనికి నీ సమాధానమేమి?"

"సార్, ఆడ రోడ్డు యాడుండాది?" అంది మునిలక్ష్మి. "ఒకసారి నాతో రండి సార్. మీరు ఏ బూట్లు ఏసుకోమంటే అవే ఏసుకుంటా. మీరు గూడా అవే ఏసుకోని నా ఎనకాల నాలుగు అడుగులు పరిగెత్తండి, చాలు."

దామోదరం గారు నా వైపు చూశారు. నేను గోడమీది క్యాలెండరు చూశాను. ఇంకొకసారి దొరికితే పోటీలోంచి తొలగిస్తామని చెప్పి పంపించారు. బయటికొచ్చాక ఆ పిల్ల మొదటిసారి ఏడ్చింది. "పరిగెత్తి ఓడిపోతే అంగట్లో కూచుంటా సార్. బూట్లకు ఓడిపోతే ఎట్ల కూచునేది?" అంది. "పోయి సంగటి తిను పాపా" అన్నాను.

గాయాల సంగతి పై కార్యాలయానికి పోయింది. అక్కడినుంచి నిపుణుల బృందం వచ్చింది. వాళ్ళు బైపాసును కారులోంచి, గుట్టను కింది నుంచి చూసి లోపం కనిపెట్టేశారు. లోపం దారుల్లో లేదు, క్రీడాకారులకు ఉపరితల స్పృహ లేకపోవడంలో ఉంది. వెంటనే బైపాసు మొదట్లో 'మీరు ఇప్పుడు రోడ్డు మీద ఉన్నారు' అని, గుట్ట మొదట్లో 'మీరు ఇప్పుడు ప్రకృతి ఒడిలో ఉన్నారు' అని బోర్డులు వెలిశాయి. మొదటి బోర్డు గుంతలో పాతడం వల్ల వారంలో పక్కకు ఒరిగింది. రోజూ పొద్దున్నే పిల్లలచేత 'రోడ్డును రోడ్డుగా, బాటను బాటగా గౌరవిస్తాం' అని ప్రతిజ్ఞ చేయించమన్నారు. కట్లున్నవాళ్ళు కూర్చుని చేశారు.

నిపుణులు ఇంకో లోపం కూడా చూపించారు. ఉత్తర్వులో కొండబాట అంటే రాళ్ళు, వేళ్ళు, బురద ఉండాలని ఉంది. మన కొండబాటలో అవి లేవు. అయితే సిమెంటు పగలగొట్టండి అని మీరనవచ్చు. సిమెంటు ప్రభుత్వ ఆస్తి, పగలగొడితే జైలు. అందుచేత సిమెంటు మీద రాళ్ళు పరవడానికి టెండరు పిలిచారు. టెండరు దక్కించుకున్నాయన తెలివైనవాడు. రాళ్ళకోసం ఎక్కడికో పోకుండా పక్కనే ఉన్న బైపాసులోంచి ఏరుకొచ్చి, అవి కదలకుండా గుట్టమీది టైల్సుకు సిమెంటుతో అతికించాడు. చెట్లవేళ్ళు ప్లాస్టిక్‌వి, పట్నంనుంచి లారీలో వచ్చాయి. బురదకు మునిసిపాలిటీ ట్యాంకరు కుదిర్చారు.

"చూసినావా చెంగల్రాయుడూ, ఇప్పుడు నిఖార్సయిన కొండబాట" అన్నారు దామోదరం గారు మురిసిపోతూ. దేవుడి దయవల్ల గుట్ట చివరికి గుట్టలా అయిందని నేనూ సరిపెట్టుకున్నాను. కనీసం పళ్ళబూట్లకు అక్కడ పని దొరికింది.

ఆ దయ ఎక్కువకాలం నిలవలేదు. పోటీకి ముఖ్య అతిథిగా రాజధానినుంచి పెద్దాయన వస్తున్నారని కబురొచ్చింది. పెద్దాయన కారు బైపాసు మీదుగా రావాలి. ఇన్నేళ్ళుగా రాని తారు రెండు రోజుల్లో వచ్చింది. అద్దంలా రోడ్డు పడింది. జనం పిల్లాపాపలతో వచ్చి చూసి పోయారు, కొందరు చెప్పులు విడిచి నడిచారు.

అయితే రోడ్ల శాఖలో డబ్బు లేదు. ఆ తారుకు కొండబాట అభివృద్ధి పద్దులోంచి ఇచ్చారు. కొండబాట డబ్బుతో వేసింది కొండబాట కాక ఏమవుతుంది? పోటీకి ముందురోజు కమిటీ మళ్ళీ కూర్చుంది. బైపాసు ఇకనుంచి కొండబాట అని తేల్చింది. మరి సగం సగం ఉండాలి గనుక, గుట్టమీది రాళ్ళు, ప్లాస్టిక్ వేళ్ళు, ట్యాంకరు బురద ఇకనుంచి రోడ్డు.

"సార్, కొత్త తారు మీద పళ్ళబూట్లు, రాళ్ళమీద నున్నటి బూట్లా?" అన్నాను.

"ఉపరితలమును పాదముతో కాక..." అని మొదలుపెట్టారు.

"పత్రముతో" అని నేనే పూర్తిచేసి బయటపడ్డాను.

సంగతి చెబితే మునిలక్ష్మి ఈసారి ఏడవలేదు. గడప మీద కూర్చుని చాలాసేపు రెండు జతలూ ముందు పెట్టుకుని చూసింది. "బైపాసుకూ గుట్టకూ మధ్యలో ఏముంటాది సార్?" అని అడిగింది. బూట్ల మార్పిడి కేంద్రం ఉంటుందని చెప్పాను. షామియానా వేస్తారు, అక్కడ టోకెను తీసుకుని, వరసలో కూర్చుని, బూట్లు మార్చుకుని, పర్యవేక్షకుడిచేత చేతిమీద ముద్ర వేయించుకుని వెళ్ళాలి. ఆ పిల్ల నవ్వింది.

పోటీ రోజు బైపాసు మొదట్లో అమ్మాయిలందరూ నిలబడ్డారు. పర్యవేక్షకుడు ఒక్కొక్కరి కాళ్ళూ ఎత్తించి చూసుకుంటూ వచ్చి, మునిలక్ష్మి దగ్గర ఆగిపోయాడు. ఆ పిల్ల కుడికాలికి కొండ బూటు ఉంది. ఎడమకాలికి రోడ్డు బూటు ఉంది.

"ఏమ్మే, ఇదేంది?"

"సగం సగం సార్."

"ఇట్ల ఏసుకోగూడదు."

"కొండబాట మీద కొండ బూటు ఉండాల. ఉండాది, చూడండి. గుట్టమీద రోడ్డు బూటు ఉండాల. అదీ ఉండాది. దారి పేరు మధ్యలో మళ్ళా మార్చినా నాకేం బాధ లేదు. ఏదైనా ఒక కాలు రైటే."

పర్యవేక్షకుడు నియమావళి తిరగేశాడు. ఇలాంటి కాళ్ళ గురించి అందులో ఏమీ లేదు. పెద్దాయన అప్పటికే జెండా పట్టుకుని నిలబడ్డారు, ఎండ మండుతోంది. ఊపేశారు.

బైపాసు మీద మునిలక్ష్మి ముందేమీ లేదు. ఒక అడుగు టక్కుమని, ఒక అడుగు మెత్తగా పడుతూ గుంపు మధ్యలో పోయింది. షామియానా వచ్చింది. అందరూ లోపలికి మళ్ళి టోకెన్లకోసం చేతులు చాపారు. టోకెన్లిచ్చేవాడు పెద్దాయన్ని చూడ్డానికి పోయాడు. బూట్ల మూటలమీద పేర్లు తడిసి చెరిగిపోయాయి. ముద్ర దొరికింది గానీ సిరా దొరకలేదు. ఆ గందరగోళం పక్కనుంచే మునిలక్ష్మి ఆగకుండా గుట్టెక్కింది. రాళ్ళమీద పళ్ళున్న కాలు ఆనించి, చదునున్న చోట నున్నటి కాలు వేసుకుంటూ, తూలుతూ, తిట్టుకుంటూ ఎక్కింది. నేను మోటారు సైకిలు మీద వెనకదారిలో పైకి పోయి చూస్తున్నాను. పెద్దాయన్నీ దామోదరం గారినీ రేంజరు జీపు అప్పటికే కొసన వేసిన వేదిక దగ్గర దించింది. వయసు మరిచి గంతులేశానని తర్వాత చెప్పారు. అయితే ఏం, ఆ పరుగు చూస్తే ఎవరైనా వేసేవారు.

ఆ పిల్ల కొసకు చేరేటప్పటికి రెండో అమ్మాయి ఇంకా షామియానాలో లేసులు కట్టుకుంటోంది.

దామోదరం గారు ఎర్రసిరా పెన్ను తీశారు. అనర్హత రాయడానికే తీశారని నాకు తెలుసు. సరిగ్గా అప్పుడు పెద్దాయన చప్పట్లు కొట్టారు. "భలే! సగం సగం అంటే ఇదీ! ఒక కాలు రోడ్డు, ఒక కాలు బాట! ఈ ఆలోచన ఎవరిది?"

దామోదరం గారి పెన్ను గాలిలోనే రంగు మార్చింది. "తమరి మార్గదర్శకత్వములో మా కార్యాలయము రూపొందించిన నూతన పద్ధతి సార్. ప్రయోగాత్మకముగా ఈ అమ్మాయిపై అమలుచేసినాము."

అక్కడికక్కడే వేదిక మీద మునిలక్ష్మికి శాలువా కప్పారు. ఆ పద్ధతికి 'మునిలక్ష్మి విధానం' అని పేరు పెట్టారు. ఆమెను రాష్ట్ర ప్రేరణ దూతగా ప్రకటించారు. గుట్టంతా చప్పట్లు. ఆ పిల్ల మైకు దగ్గరికి వంగి, "సార్, శిబిరానికి ఎప్పుడు రావాల?" అని అడిగింది.

దామోదరం గారు వాత్సల్యంగా నవ్వారు. "అమ్మా, ప్రేరణ దూత పోటీల్లో గానీ శిబిరంలో గానీ పాల్గొనరాదు. నియమము. విధానమునకు పేరైనవారు విధానములో విద్యార్థిగా ఎలా ఉంటారు? మీరింక పరుగెత్తవలసిన అవసరమే లేదు."

అది ఆయన దీవెన అనుకుని అన్నారు. జనం మళ్ళీ చప్పట్లు కొట్టారు. ఆ పిల్ల ముఖం చూడలేక నేను నేలకేసి చూశాను. శిబిరంలో అమ్మాయిల సీటు మునిలక్ష్మి గౌరవార్థం ఖాళీగా ఉంచారు.

ఆ మర్నాడే మునిలక్ష్మి అంగట్లో కూర్చుంది. మాటంటే మాటే.

ఇప్పుడు రాష్ట్రమంతటా మునిలక్ష్మి విధానమే నడుస్తోంది. రోడ్డనీ బాటనీ గొడవ లేదు, అందరికీ ఎడమకాలికి ఒకటి, కుడికాలికి ఒకటి. రెండు బూట్ల ఎత్తూ ఒకటి కాదు గనుక అందరూ కుంటుతున్నారు. మొన్న కొత్తగా చేరిన పిల్లొకతె నడుముకు నూనె రాసుకుంటూ, "ఎవురో మునిలక్ష్మంట సార్, ఈ బూట్లు కనిపెట్టింది. దాని కాళ్ళు ఇరగ!" అంది. నేను ఆ పిల్లను కసిరాను. ఎందుకు కసిరానో దానికి తెలియదు.

నెల కిందట నా బల్లమీదికి ఒక నోటీసు వచ్చింది. గుట్ట వెనక మేకలదారిలో ఒక యువతి తెల్లవారుజామున రెండు కాళ్ళకూ ఒకే జత బూట్లు ధరించి పరుగెత్తుచుండగా పర్యవేక్షకుడు చూశాడట. మునిలక్ష్మి విధానమును ఉల్లంఘించినందుకు కుమారి మునిలక్ష్మి మూడు దినములలో సంజాయిషీ ఇచ్చుకోవలెను. దాన్ని అందజేయాల్సినవాణ్ణి నేను.

అంగడికి పోయాను. గోడమీద శాలువాతో ఆ పిల్ల ఫ్లెక్సీ, దానికింద నిజం పిల్ల, ఎవరిదో పగిలిన ఫోను అద్దం తుడుస్తూ. నోటీసు రెండుసార్లు చదివింది. కోపమొస్తుందనుకున్నాను, రాలేదు.

"నాకు ఆఫీసు తెలుగు రాదు సార్. చెప్తా, మీరు రాయండి" అంది.

బల్లమీదున్న బిల్లు కాగితం తిరగేసి పెన్ను తీశాను.

"ఆ పొద్దు రెండు కాళ్ళూ నావే అనుకొంటి. తప్పైపోయింది."

అలాగే రాసి పంపించాను. సంజాయిషీ సంతృప్తికరంగా ఉన్నదని దామోదరం గారు ఫైలు మూసేశారు.